యాభై నాలుగు రూపాయలు

మా జిరాక్సు దుకాణంలకు
కులం కాయితాలొస్తయి, కరెంటు బిల్లులొస్తయి,
పాసుబుక్కులు తడిసి ముద్దయి వొస్తయి.
ఇయ్యాల తొమ్మిది పేజీల కాయితమొకటి
బాలమణి ఎడమకాలు కోసమొచ్చింది.

"మూడు సెట్లు తియ్యి బిడ్డా" అన్నడు ఖాజా సారు.
దేవరకద్ర టేషను ఎనక, అంగడినాడు మేకలు నిలబడే జాగల
సున్నంతోని గీతలు గీసి మాకు ఆట నేర్పిన డ్రిల్లు సారు
ఇయ్యాల ఇస్త్రీ అంగీ తొడిగిండు.
పట్నం క్లబ్బాయన కుర్చీ తుడుసుకొని కూసున్నడు.
బాలమణికి నిలబడుడు ఎన్నడూ రాదు,
నా బల్లకింది ఖాళీ టోనరు డబ్బాను
కాలితోని అటు నూకుతది, ఇటు గుంజుతది.

నేను గోల్‌కీపర్ను. దానికెదురుంగ ఐదేండ్లు.
నా కుడిచెయ్యి చిటికెనేలు వంకర
దాని మొదటి సంతకం.

పదిహేడేండ్లే గనక నాయిన ఏలు గావాలె.
కిష్టప్ప చేతులు చంకల్ల పెట్టుకొని నిలబడ్డడు.
"అడ్వాన్సెంత?"
"అడ్వాన్సు కాదు కిష్టప్పా, నెలనెల జీతం."
"జీతమైతె ముందుగాల పైసలెందుకిస్తున్నరు?"
దాన్ని సైనింగ్ మనీ అంటరన్నడు క్లబ్బాయన.
ఆ మాటను కిష్టప్ప చానసేపు నమిలిండు,
మింగలే.

వాళ్ల నాయిన ఆశప్ప గూడ ఒకనాడు
గుంపు మేస్త్రి ముంగట ఏలుముద్ర ఏసిండు.
నూటయాభై రూపాయలు. పోయేది ఏ డ్యాముకో తెలువదు.
జరమొస్తె దినం కోత.
మనిషే పోతె, బాకీ కొడుకుకు.
ఆ బాకీకే పదకొండేండ్లప్పుడు కిష్టప్ప
పేరు తెలువని నది మీద మట్టితట్ట ఎత్తిండు.

"జరమొస్తె?"
"దవాఖాన ఖర్సు మాదే."
"కాలిరిగితె?"
"ఆరో పేజీల ఉంది."
"నువ్వు సదువు" అన్నడు నన్ను జూసి.
ఇంగ్లీషుల ఉన్నదాన్ని తెలుగుల జేసి
తెలుగును మా ఇంటిమాట జేసి సదివిన.
బొక్కిరిగినా రెండేండ్ల జీతం ఆగదు.
"మల్ల సదువు."
మల్ల సదివిన.
"నడుమల వొచ్చేస్తనంటె? బాకీ ఎవరి మీద?"

టోనరు డబ్బా ఆగింది.
క్లబ్బాయన పేజీలు ముందుకు తిప్పిండు, ఎనక్కి తిప్పిండు.
దొరకలే.
ఈ సవాలు ఆయన్ని ఇంతదనుక ఎవరడిగిన్రో లేదో,
నెత్తి గోక్కొని పెన్ను తీసిండు.
"రాయి" అన్నడు కిష్టప్ప. "మూడింటి మీద."
మూడింటి మీద రాసిండు: నాయిన మీద బాకీ లేదు.
అక్షరాలు వంకరటింకర,
తెలుగు రాసి ఎన్నేండ్లయిందో పాపం.

అప్పుడు ఏలు ముంగటికొచ్చింది.
రాళ్లు మోసి మోసి గీతలన్నీ అరిగిన ఏలు.
రెండుసార్లు అద్దిన, మూడోసారి నేనే పట్టుకొని అద్దిన.
ముద్ర పడలే, నల్లటి గుండ్రమొకటి పడ్డది.
"చాలు" అన్నడు సారు, కండ్లద్దాలు తీసి.

బాలమణి సంతకం తెలుగులనే.
బా, ల, మ, రాసి
'ణి' దగ్గర ఆగింది.
ఆ ఆగుడు నాకెరుకే.
పెనాల్టీ కొట్టేముందు గట్లనే ఆగుతది,
ఎడమ భుజం ఇంత దించుతది,
నేను అటు దుంకుతె బంతి ఇటు పోతది.
రేపు ఏ దేశపు గోల్‌కీపరొచ్చి అడిగినా
భుజం సంగతి నేను చెప్ప.

మిషను సల్లారింది. ఇరవై ఏడు పేజీలు, పేజీకి రెండు.
క్లబ్బాయన ఫోను తీసి స్కానరు కోసం ఎతుకుతుంటె
కిష్టప్ప బనీను లోపలి సంచి తీసిండు.
పదులు, చిల్లర. రెండుసార్లు లెక్కబెట్టి
నా బల్ల మీద పెట్టిండు.

"దీని పైసలు మేమే ఇస్తం.
ఒద్దు సారూ, ఉండని."